పచ్చ ఆలిచిప్ప, ఎర్ర దబ్బనం

లతీఫు చెప్పింది అబద్ధం కాదు. అయినా ఆ మాట చెప్పి వచ్చినప్పటి నుంచీ అతనికి అన్నం సహించడం లేదు. అదీ అతని చిక్కు.

అబద్ధం చెబితే మనసు గుచ్చుకుంటుందని అందరికీ తెలుసు. నిజం చెప్పినా గుచ్చుకుంటుందా? గుచ్చుకుంటే ఎందుకు? ఆ సంగతి అడుగుదామని గురువుగారి పాక ముందుకొచ్చి నిలబడ్డాడు.

గోదావరి పాయ ఒకటి సముద్రంలో కలిసే చోట, మడ చెట్ల మధ్య, గుల్లలరేవు అని ఒక ఊరుండేది. తెరచాప ఓడలు తిరిగే రోజుల మాట. ఆ రేవులో కొత్త ఓడలు కట్టేవారు, పాతవాటిని బాగుచేసేవారు. ఓడలకి తెరచాపలు కుట్టే ఆయన పేరు సుభాన్ బాబా. ఆయన ఫకీరు. ఫకీరే గానీ ఎవరి గుమ్మం ముందూ జోలె పట్టలేదు. దబ్బనం పట్టాడు. పొద్దున్న నమాజు చేసుకుని పాకలో కూర్చుంటే, పొద్దు వాలేదాకా ఆ మందపాటి గుడ్డలోంచి దబ్బనం దూరి వస్తూ ఉండేది.

జాలరులైనా, ఓడ పనివాళ్ళైనా, కష్టం వస్తే ఆ పాక దగ్గరికే వచ్చేవారు. వాళ్ళు చెప్పుకునేవారు, ఆయన కుడుతూ వినేవాడు. ఏమీ చెప్పకపోయినా వాళ్ళు తేలిగ్గా లేచి వెళ్ళేవారు. అదేం చిత్రమో మరి.

లతీఫు ఆయన దగ్గర చేరి ఏడేళ్ళయింది. ఇప్పుడు పాతికేళ్ళవాడు. కుట్టు బాగా వచ్చింది, ఓపిక కొంచెం వచ్చింది. అన్నిటికన్నా పేరు తెచ్చింది మాత్రం అతని నాలుక. ఓడలు దూరం వెళ్ళేముందు పీపాలనిండా మంచినీళ్ళు నింపుకుంటాయి కదా. ఒకసారి లతీఫు ఒక్క గుక్క తాగి, "ఇవి పనికిరావు, అడుగున ఉప్పు ఊరుతోంది" అన్నాడు. పీపా తిరగేసి చూస్తే నిజమే. ఆనాటి నుంచి ఓడ నడిపే ఏ సరంగూ లతీఫు రుచి చూడకుండా లంగరు ఎత్తలేదు. ఏ నూతి నీళ్ళో, ఎన్నాళ్ళ నీళ్ళో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. ఊళ్ళో నీళ్ళ సంగతంటే లతీఫు నాలుకే తీర్పు.

మనిషికి ఒక పని బాగా రావడం మంచిదే. కాకపోతే, మెప్పు మరిగిన నాలుక రుచి తెలిసేలోపే మాట్లాడేస్తుంది.

"బాబా, నిజం చెప్పినా గుచ్చుకుంటుందా?" అని అడిగాడు లతీఫు.

బాబా మైనం రాసిన దారాన్ని దబ్బనంలోకి ఎక్కిస్తున్నాడు. "ఎవరికి?"

"చెప్పినవాడికి."

"విన్నవాళ్ళ సంగతి ముందు చెప్పు."

లతీఫు కూర్చుని చెప్పాడు.

జాలరిపేటలో నాలుగిళ్ళవాళ్ళకి వాంతులు పట్టుకున్నాయి. అందరూ తిన్నది ఆలిచిప్పల కూరే. ఆ చిప్పలు అందరికీ ఇచ్చింది నాగూరమ్మే. కులపెద్ద సింగరయ్య కోడలు ఆరో నెల కడుపుతో ఉంది. ఆ పిల్ల ఇంకా మంచం దిగలేదు. దాంతో ఊరు ఊరంతా వలలు ఆరేసే మైదానంలో చేరింది.

నాగూరమ్మ ఒంటరిది. వాళ్ళ అమ్మకి పిల్లలు నిలవకపోతే నాగూరు దర్గాకి మొక్కుకుని పెట్టుకున్న పేరది. మొక్కు నిలబెట్టిన పిల్ల, పెళ్ళయ్యాక మొగుణ్ణి సముద్రానికి ఇచ్చుకుంది. ముప్ఫై ఏళ్ళుగా మడ వేళ్ళకి పట్టిన ఆలిచిప్పలు ఊడదీసి, వెదురు బుట్టలో ఇల్లిల్లూ తిప్పి బతుకుతోంది. ఆమె ఎదురొస్తే వల ఖాళీగా వస్తుందని ఒకడంటాడు. ఆమె చెయ్యి మంచిది కాదని ఒకతె అంటుంది. అలా అనీ అనీ ఊరికి అలవాటైపోయింది. ఆమె ఎవరికీ బదులు చెప్పేది కాదు.

సింగరయ్య న్యాయం తెలిసిన మనిషి. "ముందు నీళ్ళు చూద్దాం. నీళ్ళలో దోషముంటే ఆమెనేమీ అనడానికి లేదు" అని లతీఫుకి కబురు పెట్టాడు.

లతీఫు పాయలోకి దిగాడు. మూడు చోట్ల దోసిలితో నీళ్ళు తీసుకుని నోట్లో పోసుకుని, పుక్కిలించి, ఉమ్మి, కళ్ళు మూసుకున్నాడు. గట్టు మీద ఊరంతా నిలబడి ఉంది. అంతమంది తన నోటి వంక చూడటం అతనికి బాగానే ఉంది.

"నీళ్ళలో ఏ దోషమూ లేదు" అన్నాడు.

అంతే. ఆ ఒక్క మాటే.

"అయితే దాని చేతిలోనే ఉంది" అన్నారు ఎవరో. ఆ తర్వాత అందరూ అన్నారు. రేపు సాయంత్రం సముద్రం పోటు ఎక్కేసరికి నాగూరమ్మ మూట కట్టుకుని పడవెక్కాలి. మళ్ళీ ఈ రేవులో కాలు పెట్టకూడదు. అదీ తీర్పు.

"ఆమె ఏమంది?" అని అడిగాడు బాబా.

"ఇంకోసారి చూడండి బాబుగారూ, అంది."

"నిన్నా?"

"నన్నే. ఎప్పుడూ నన్ను అల్లుడూ అని పిలుస్తుంది బాబా. వరసేమీ లేదు, ఊరికే. ఇవాళ బాబుగారూ అంది."

బాబా కుట్టు ఆపలేదు. "నీళ్ళలో దోషం లేదన్నావు."

"లేదు బాబా. మూడు చోట్ల చూశాను."

"చేతిలో ఉందన్నావా?"

"నేననలేదు. వాళ్ళన్నారు."

"ఊఁ" అన్నాడు బాబా. ఇంకో నాలుగు కుట్లు వేశాడు. తర్వాత దారం పళ్ళతో తెంపి, "పోటు తగ్గి పాటు తీస్తోంది. వెళ్ళి నాలుగు ఆలిచిప్పలు పట్టుకురా. రెండు ఊరి పాయలోవి. రెండు పాయ సముద్రంలో కలిసే మొగలోవి. కలిపెయ్యకు" అన్నాడు.

"నేనడిగిందానికి చెప్పనే లేదు మీరు."

"నీళ్ళు మళ్ళీ ఎక్కేస్తాయి. నడు."

*

పాయ గట్టు వెంట వెళ్తే ముందు పాత ఓడ కనిపిస్తుంది. ఏడాదిగా ఒడ్డుకి లాగి పెట్టారు దాన్ని. అడుగున పురుగు తొలవకుండా ఓడంతా రాగిరేకులు తొడిగి ఉన్నాయి. రాగిపని చేసే కంచరులు ఆ రేకులన్నీ ఊడదీసి, పట్టిన చిలుముని చింతపండూ ఉప్పూ కలిపిన నీళ్ళలో నానబెట్టి తోముతున్నారు. తోమిన రేకులు ఎండలో పెట్టినచోట కళ్ళు చెదిరిపోతాయి. కడిగిన నీళ్ళు గోలేలకొద్దీ పాయలోకి వంచేస్తారు. వంచినచోట నీళ్ళు లేత నీలంగా కనిపిస్తాయి. పది బారల దూరం పోయేసరికి ఆ నీలమూ ఉండదు, ఏమీ ఉండదు.

"ఏం లతీఫూ, నీ నాలుకకి ఇవాళ ఇంకా పని తీరలేదా?" అని నవ్వాడు పెద్ద కంచరి భద్రాచారి.

లతీఫు కూడా నవ్వి ముందుకెళ్ళాడు. రోజూ ఆ దారినే వెళ్తాడు. రోజూ అదే చూస్తాడు.

మడ వేళ్ళ దగ్గర నాగూరమ్మ ఉంది. మోకాళ్ళలోతు బురదలో నిలబడి వేళ్ళకి పట్టిన చిప్పలు ఇనప కొంకితో తడుముతోంది. రేపు వెళ్ళిపోయే మనిషి ఇవాళ ఇక్కడేం చేస్తోందో అతనికి అర్థం కాలేదు. ముప్ఫై ఏళ్ళు వచ్చిన చోటికి కాళ్ళే తీసుకొచ్చాయేమో.

"ఏం బాబుగారూ, ఇంకా ఏమైనా మిగిలిందా నా దగ్గర?"

"బాబా చిప్పలు తెమ్మన్నారు."

"ఎందుకూ, ఫకీరుగారు తింటారా?"

"తెలీదు."

నాగూరమ్మ నడుం నిటారు చేసి అతని వంక చూసింది. "తెలీదు అనే మాట కూడా వచ్చా నీకు?"

లతీఫు తల దించుకున్నాడు. ఆమె కొంకితో రెండు చిప్పలు ఊడదీసి ఒకదాన్ని విప్పింది. లోపల మాంసం పచ్చగా ఉంది. నాచు పట్టినట్టు కాదు, లోలోపలి నుంచే పచ్చన. లేత అరిటాకుని దీపానికి అడ్డంపెట్టి చూసినట్టుంది.

"ఇలా ఉంటుందా?" అన్నాడు లతీఫు.

"ఉండేది కాదు. నా ఎరికలో తెల్లగా, మీగడ మాదిరి ఉండేవి. ఈ ఏడే ఇలా అవుతన్నాయి. బలం పట్టిందనుకున్నాను. సింగరయ్యగారి కోడలు కడుపుతో ఉంది కదా అని, ఏరి ఏరి పచ్చవే ఇచ్చాను ఆ పిల్లకి." ఆమె విప్పిన చిప్పని మళ్ళీ మూసింది.

"నువ్వు తినలేదా అత్తా?"

"తినకపోవడమేం. నాకూ వాంతులయ్యాయి. రెండ్రోజులు లేవలేదు."

"మరి మైదానంలో చెప్పలేదేం?"

"చెబితే ఏమనేవారు? దాని పాపం దాన్నే కొట్టింది అనేవారు. అదొకటి కూడానా? ఉన్నవి చాలవూ?"

రెండు చిప్పలూ అతని చేతిలో పెట్టి, మళ్ళీ వంగి వేళ్ళు తడమడం మొదలుపెట్టింది. లతీఫు మొగ దాకా నడిచి, అలలు కొట్టే రాళ్ళకి పట్టిన చిప్పలు ఇంకో రెండు ఊడదీసుకుని వచ్చాడు. దారిలో కండువా రెండు చెంగుల్లో కట్టిన మూటలు మార్చి మార్చి చూసుకున్నాడు, కలిసిపోతాయేమోనని.

*

బాబా పాక ముందు అరుగు మీద రెండు మట్టి మూకుళ్ళు పెట్టాడు. మొగలోవి విప్పి ఒకదాంట్లో, పాయలోవి విప్పి ఇంకోదాంట్లో వేశాడు. ఒకటి తెల్లన. ఒకటి పచ్చన.

తర్వాత తన వెదురు గొట్టంలోంచి దబ్బనాలు ఒలకబోశాడు. ఆయన దగ్గర పన్నెండు ఉండేవి. సాయంత్రం కాగానే వాటిని బూడిదతో తోమి, నూనె గుడ్డతో తుడిచి గొట్టంలో పెట్టడం ఏడేళ్ళుగా లతీఫు పని. ఒక్క చుక్క తుప్పు కనిపించినా బాబా ఊరుకునేవాడు కాదు. తుప్పు పట్టిన దబ్బనం గుడ్డని చింపుతుంది అనేవాడు.

అలాంటి దబ్బనాల్లోంచి మంచివి రెండు ఏరాడు. సన్న ఇసకతో వెండిలా మెరిసేదాకా రుద్దాడు. ఒకటి తెల్ల మాంసంలో గుచ్చాడు, ఒకటి పచ్చ మాంసంలో. నిమ్మకాయ కోసి రెండిటిమీదా సమానంగా పిండాడు. మూకుళ్ళ మీద మూతలు పెట్టాడు.

"ఇదేంటి బాబా? పులుపు తగిలితే దబ్బనాలు పాడైపోవూ?"

"పోతాయి."

"మరి?"

"ఆ చాప అంచు మిగిలిపోయింది. కుట్టు."

లతీఫు కూర్చుని కుట్టాడు. కుడుతూ మూకుళ్ళ వంక చూశాడు. చూస్తూ వేలు గుచ్చుకున్నాడు.

"బాబా, పీతలు కూడా ఆ పాయలోవే. ఆ నాలుగిళ్ళవాళ్ళూ అంతకు ముందురోజు పీతలు తిన్నారు. ఏమీ కాలేదు. అదే నీళ్ళు కదా?"

"నువ్వూ నేనూ తాగేది ఒకే నూతి నీళ్ళు కదా?"

లతీఫు వేలు చప్పరించుకుని మళ్ళీ కుట్టు మొదలుపెట్టాడు.

పీత సంగతి మనలో చాలామందికి తెలియదు గానీ, దాని నెత్తురు నీలంగా ఉంటుంది. మన నెత్తురులో ఇనుము ఉన్నట్టు దాని నెత్తురులో రాగి ఉంటుంది. దాంతోనే అది ఊపిరి నిలుపుకుంటుంది. తనకి ఎంత కావాలో కొంతవరకు చూసుకుని ఉంచుకుంటుంది, మిగిలింది వదిలించుకుంటుంది. ఆలిచిప్ప సంగతి అలా కాదు. దానికి కాళ్ళు లేవు. పట్టుకున్న వేరు వదిలి ఇంకోచోటికి పోలేదు. నోరు తెరిచి పోటు తెచ్చిన నీళ్ళు తాగుతుంది, వడగట్టుకుంటుంది, వదిలేస్తుంది. మళ్ళీ తాగుతుంది. రోజుకి బిందెలకొద్దీ. ఆ నీళ్ళలో ఉండీ లేనంత రాగి ఉంటే, దాని నెత్తురు ఆ రవ్వంతనీ పట్టి మూటగట్టి ఒంట్లో దాచేస్తుంది. ఇవాళ రవ్వంత, రేపు రవ్వంత. పచ్చబడుతుంది. అయినా అది చావదు. అదే చిత్రం. విషాన్ని అంత గట్టిగా మూటగట్టుకుని, ఎప్పటిలాగే నోరు తెరిచి తాగుతూ, ఎప్పటిలాగే బతికేస్తుంది. పైనుంచి చూస్తే గరుకు చిప్పే. విప్పితేగానీ తెలీదు.

ఇదంతా లతీఫుకి ఆ సాయంత్రం తెలీదు. బాబా చెప్పలేదు. చీకటి పడుతుంటే, "ఇక పడుకో. మూతలు తియ్యకు" అని మాత్రం అన్నాడు.

*

మర్నాడు ఎండ బాగా ఎక్కాక బాబా మూతలు తీశాడు.

మొదట తెల్లదాంట్లోంచి దబ్బనం లాగాడు. పులుపుకి నల్లబడింది. నల్లబడిన ఇనుము, అంతే.

రెండోది లాగి లతీఫు అరచేతిలో పెట్టాడు.

దబ్బనం ఎర్రగా ఉంది. గుచ్చినంత మేరా, కొత్తగా తోమిన చెంబులాగ. లతీఫు గోటితో గీరాడు. సన్నటి పొర లేచింది. కింద ఇనుము కనిపించింది.

"రాగి" అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఇది రాగి బాబా. కానీ నీళ్ళలో లేదు! నేను చూశాను. మూడు చోట్ల చూశాను. ఉంటే నాకు తెలీకపోవడమేంటి?"

"ఎన్ని గుక్కలు చూశావు?"

"మూడు."

బాబా పచ్చ మాంసం ఉన్న మూకుడు అతని ముందుకు జరిపాడు.

"దీన్ని అడగలేదా? ఇది ఏడాదిగా తాగుతోంది."

లతీఫు చాలాసేపు ఆ మూకుడులోకి చూస్తూ కూర్చున్నాడు. గోలేలు వంచినచోట లేత నీలం నీళ్ళు గుర్తొచ్చాయి. రోజూ నవ్వుతూ దాటిపోయిన దారి గుర్తొచ్చింది. అప్పుడు ఉలిక్కిపడి లేచాడు. ఎండ పడమటికి తిరిగింది. పాయలో నీళ్ళు అప్పుడే కదలడం మొదలుపెట్టాయి.

"బాబా, మీరు రండి. మీరు చెబితే వింటారు. నేను నిన్న అందరిముందూ నీళ్ళు మంచివని చెప్పాను. ఇవాళ వెళ్ళి కాదంటే..." అతను ఆగిపోయాడు. కాదంటే ఇక లతీఫు నాలుక అనే మాట ఉండదు. ఏ సరంగూ పీపా మూత తీసి అతని కోసం ఆగడు. ఏడేళ్ళ పేరు.

బాబా పాక వాసానికి ఆనుకుని కూర్చున్నాడు. మోకాళ్ళ మీదికి చాప లాక్కున్నాడు.

"దబ్బనం నాది, పట్టుకుపో" అన్నాడు. "మాట నీది."

*

రేవులో జనం ఉన్నారు. ఎవరూ వీడ్కోలు చెప్పడానికి రాలేదు. వెళ్తుందో లేదో చూడటానికి వచ్చారు. నాగూరమ్మ పడవలో కూర్చుని ఉంది. ఒళ్ళో సామాన్ల మూట, పక్కన ఖాళీ వెదురు బుట్ట.

లతీఫు పరిగెత్తుకుంటూ వచ్చి సింగరయ్య ముందు ఆగాడు. రొప్పు ఆగలేదు.

"పెద్దయ్యా, నేను నిన్న తప్పు చెప్పాను."

"నువ్వా?" అన్నాడు సింగరయ్య. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు.

"నేనే. నాకు తెలిసినంత చెప్పి ఊరుకోవాల్సింది. నాకు తెలియలేదు అనాల్సింది. లేదు అన్నాను." అతను దబ్బనం చాచాడు. మూకుట్లోంచి తెచ్చిన పచ్చ చిప్ప మాంసం చూపించాడు. నిమ్మకాయ సంగతి, రెండు మూకుళ్ళ సంగతి, నల్ల దబ్బనం సంగతి, ఎర్ర దబ్బనం సంగతి చెప్పాడు. చెప్పడంలో తడబడ్డాడు, వెనక్కి వెళ్ళి మళ్ళీ చెప్పాడు. అంత వంకరగా అతను ఎప్పుడూ మాట్లాడలేదు.

దబ్బనం చేతులు మారింది. ఒక ముసలాయన నాలుక మీద ఆనించుకుని మొహం చిట్లించాడు. "రాగే" అన్నాడు.

భద్రాచారికి కోపం వచ్చింది. "అంటే మా మీదకి తోస్తావా? రోజుకి రెండు గోలేల కడుగునీళ్ళు. ఇంత పెద్ద పాయ! దాంట్లో మేము వంచింది ఎంత, ఏ మూలకి?"

"నేనూ అలాగే అనుకున్నాను బాబాయ్" అన్నాడు లతీఫు. "మూడు గుక్కలు తాగి."

భద్రాచారి ఇంకేదో అనబోయి, దబ్బనం తన చేతికి రాగానే ఆగిపోయాడు. రాగి అతనికి పుట్టినప్పటి నుంచీ తెలిసిన లోహం. ఎండలో అటూ ఇటూ తిప్పి చూశాడు. "మా రాగే" అన్నాడు చివరికి, మెల్లగా. "గట్టు మీద గొయ్యి తవ్వుకుంటాం. ఇక పాయలో వంచం."

సింగరయ్య పడవ దగ్గరికి వెళ్ళి, "దిగు నాగూరమ్మా" అన్నాడు. అంతకన్నా ఏమనాలో ఆయనకీ తెలీలేదు. "మా కోడలు ఇవాళ గంజి తాగిందిలే" అని కలిపాడు.

నాగూరమ్మ చటుక్కున తలెత్తింది. "నిలిచిందా కడుపులో?"

"నిలిచింది."

"హమ్మయ్య" అంది. ఆమె మొహం అప్పుడు మాత్రమే కొంచెం తేలికపడింది. మూట చంకన పెట్టుకుని, బుట్ట చేత్తో పట్టుకుని దిగింది. జనం దారి ఇచ్చారు. ఎవరూ ఏమీ అనలేదు. ఏమీ అనకుండా ఉండటం ఆ ఊరివాళ్ళకి కొత్త.

లతీఫు ఆమె వెంట గుడిసె దాకా వెళ్ళాడు. ఆమె తలుపు తడిక తీసి, మూట విప్పి, ఒక్కొక్క గిన్నే తీసి ఉన్నచోట పెట్టుకుంటోంది.

"అత్తా, నేనన్నది ఒక్క మాటే..." అన్నాడు గుమ్మంలో నిలబడి.

"అవును బాబుగారూ" అంది ఆమె వెనక్కి తిరక్కుండానే. "నువ్వన్నది ఒక్కటే. ఎవరన్నదీ ఒక్కటే." చెంబు బోర్లించింది. "నీకు పొద్దుపోతోంది, వెళ్ళు."

*

పొద్దు గూకే వేళకి లతీఫు పాకకి వచ్చాడు. రోజూలాగే దబ్బనాలు బూడిదతో తోమడానికి కూర్చున్నాడు. పదకొండు తోమాడు. పన్నెండోది, ఆ ఎర్రది, చేతిలో పట్టుకుని ఉండిపోయాడు.

"బాబా, ఇది తోమనా?"

"వద్దు. రేపు దాంతోనే కుడతాను. గుడ్డలో దూరగా దూరగా అదే పోతుంది."

కాసేపటికి లతీఫు మళ్ళీ అడిగాడు. "ఆ పచ్చ చిప్పల్ని తీసుకెళ్ళి మొగలో, శుభ్రమైన నీళ్ళు తగిలేచోట వేస్తే, ఆ పచ్చదనం పోతుందా?"

"పోతుంది."

"ఎన్నాళ్ళకి?"

బాబా నీళ్ళ వంక చూశాడు. పాయ నిండుగా ఉంది. రేవు మెట్ల దాకా వచ్చి తగులుతోంది.

"రోజుకి రెండు పోట్లు వస్తాయి" అన్నాడు.

మర్నాడు పాటు తీసే వేళకి లతీఫు మడ వేళ్ళ దగ్గర ఉన్నాడు. నాగూరమ్మ బుట్ట నిండా పచ్చ చిప్పలు ఊడదీసింది. అతను బుట్టకి రెండో పక్క పట్టుకున్నాడు. ఆమె కాదనలేదు. ఇద్దరూ మొగ దాకా నడిచి, అలలు కొట్టే రాళ్ళ మధ్య చిప్పలు సర్ది వచ్చారు. ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

సరంగులు కొందరు అతని కోసం ఆగడం మానేశారు. కొందరు ఇంకా ఆగేవారు. ఇప్పుడు లతీఫు గుక్క తాగి, ఈ నీళ్ళు ఎన్నాళ్ళుగా ఎక్కడున్నాయని అడిగేవాడు. ఒక్కోసారి, తెలియడం లేదు అనేవాడు.

వానలు వచ్చాయి, వెళ్ళాయి. సింగరయ్య ఇంట్లో మనవరాలు పుట్టింది. ఎర్ర దబ్బనం పెద్ద తెరచాపలు రెండు కుట్టేసరికి అరిగి అరిగి మళ్ళీ ఇనుమైంది. మొగలో వేసిన చిప్ప ఒకటి నాగూరమ్మ విప్పి చూసింది. పచ్చదనం ఇంకా పోలేదు. అంచుల దగ్గర మాత్రం కొంచెం వెలిసింది. చూసి, మళ్ళీ బుట్ట ఎత్తింది.

ఒకరోజు బురదలో నడుస్తుంటే లతీఫు కాలు జారింది. బుట్ట ఒక పక్కకి ఒరిగింది.

"ఆ చేత్తో కాదు అల్లుడూ" అంది నాగూరమ్మ. "ఇటు చేత్తో పట్టుకో."

లతీఫు చెయ్యి మార్చుకున్నాడు.